అరచేతిలోని రూపము



మన గోదావరి డెల్టాలో ఏ ఊరు వెళ్ళినా, అది తాటాకిల్లయినా, పెంకుటిల్లయినా, డాబా అయినా, వసారా దాటి లోపల అడుగు పెట్టగానే ఎదురు గోడమీద ఒక పటం కనబడుతుంది. తలపాగా చుట్టుకున్న తాతగారు కావచ్చు. కళ్ళజోడు పెట్టుకున్న నాయనమ్మ కావచ్చు. కువైట్ వెళ్ళి పెట్టెలో తిరిగివచ్చిన కూతురు కావచ్చు. పటం అడుగున పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, ఒక వాక్యము. ఆదరణ కూడికకు వెళ్ళిన సంఘకాపరికి కుర్చీ వేసేది కూడా చాలా ఇళ్ళలో ఆ పటం కిందనే. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తున్నవారము గనుక, ఆ పటాలను గూర్చి మా మనస్సులో ఉన్న సంగతులు కొన్ని ఈ నెల మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాము.

పటాల విషయమై విశ్వాసులు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు ముఖ్యంగా రెండు. చనిపోయినవారి పటం క్రైస్తవుల ఇంట్లో పెట్టుకోవచ్చునా అన్నది మొదటిది. ఇది తరచుగా అడుగుతారు. రెండవ ప్రశ్న ఒకే ఒక్క తల్లి, ఒకే ఒక్కసారి అడిగింది. దానికి జవాబు చెప్పడానికి మాకు వారం రోజులు పట్టింది.

ఒక తల్లి ప్రశ్న

పాలకొల్లు దగ్గర మేము సేవ చేసిన ఒక సంఘంలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక విధవరాలు ఉండేది. ఊడ్పులకూ కోతలకూ వెళ్ళి బ్రతికిన మనిషి. ఆమె గోడమీద భర్త పటం ఉంది. అది రేషను కార్డుమీది చిన్న ఫొటోను పెద్దది చేయించినది. ఒకరోజు ప్రార్థన ముగించి లేవబోతుంటే ఆమె, "కాసేపు కూర్చోండి అయ్యగారూ" అని, మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. పాత చీరల అడుగునుంచి ఒక చిన్న గౌను తీసింది. పూలపూల గుడ్డ, రంగు వెలిసిపోయింది, గుండీలు రెండు ఊడిపోయాయి.

"నా పెద్దపిల్లదండి. ఆరేళ్ళు బతికింది. జొరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. నలభయ్యేళ్ళ పైమాటేనండి" అన్నది.

ఫొటో ఏమైనా ఉన్నదా అని అడిగాము. "కూలోళ్ళ పిల్లలకి అప్పుడు ఫొటోలేటండి" అని చిన్నగా నవ్వింది. తర్వాత గౌను మడత పెడుతూ, మావైపు చూడకుండా అడిగింది:

"దాని జడ గుర్తుందండి. నడక గుర్తుంది. మొఖం మటుకు రాటం లేదు. ముందంతా కళ్ళు మూసుకుంటే కనపడేది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా రాటం లేదు. రేపు పరలోకంలో నేను దాన్ని ఎలా ఆనవాలు పట్టేదండి?"

ప్రియులారా, దుఃఖములన్నిటిలో ఇదొక ప్రత్యేకమైన దుఃఖము. బిడ్డ ఒకసారి చనిపోతుంది. మన జ్ఞాపకములో ఆ ముఖము మాసిపోయినప్పుడు ఆ తల్లి రెండవసారి బిడ్డను పోగొట్టుకుంటుంది. ఆమెతో కలిసి మరొకసారి ప్రార్థించి, "అమ్మా, వచ్చే వారం వస్తాము, అప్పుడు మాట్లాడుకుందాం" అని చెప్పి వచ్చాము. దారి పొడుగునా, కాలువ గట్టుమీద, ఆ ప్రశ్న మాతోనే నడిచింది.

దంతపు రేకుమీద కన్నీటి బొమ్మలు

ఆ ముఖము మరచిపోతామేమో అన్న భయము లోకమంతటా ఉన్నదే. మేము వేదాంత డిప్లొమా చదువుకునే రోజుల్లో కళాశాల గ్రంథాలయంలో ఒక పాత బొమ్మల పుస్తకం చూశాము. అందులో రెండు మూడు అంగుళాలకు మించని, కోడిగుడ్డు ఆకారపు చిత్తరువులు ఉన్నాయి. అవి కాగితం మీద కాదు, గుడ్డ మీద కాదు, ఏనుగు దంతం మీద నీటిరంగులతో గీసినవి.

సుమారు 1700 ప్రాంతంలో వెనిస్ నగరపు చిత్రకారిణి రొసాల్బా కరియేరా దంతం మీద గీసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. అంతకుముందు ఇటువంటి చిన్న బొమ్మలు దూడతోలు మీద గీసేవారు. ఏనుగు దంతాన్ని సన్నని రంపంతో పలుచని రేకులుగా కోస్తారు. దంతానికి సహజంగా ఉండే జిడ్డు రంగును పట్టనివ్వదు. అందుకని ఆ జిడ్డు తీసి, ఎండకు పెట్టి తెల్లబరచి, మెత్తని రాతిపొడితో రుద్దుతారు. తుమ్మజిగురు వంటి జిగురు కలిపిన రంగులను సన్నని కుంచెతో చుక్క పక్కన చుక్కగా పెడతారు. నీటిరంగు పలుచన గనుక కింది దంతపు వెలుగు పైకి కనబడుతుంది. బుగ్గమీద నెత్తురు ఆడుతున్నట్లే, మనిషి ఊపిరి తీస్తున్నట్లే ఉంటుంది. చనిపోయిన ముఖమునకు జీవకళ తెప్పించడానికి ఇంతకంటే తగిన వస్తువు ఆనాటివారికి దొరకలేదు.

పద్ధెనిమిదవ శతాబ్దపు చివరి భాగంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇవి దుఃఖ చిహ్నములయ్యాయి. బ్రతికుండగా గీయించినదానినే మరణం తర్వాత చట్రంలో బిగించుకున్నవారు కొందరు. పోయిన తర్వాత గుర్తుమీద గీయించుకున్నవారు కొందరు. కొన్నిటిలో ముఖమే ఉండదు. సమాధి పక్కన, కొమ్మలు వాలిన చెట్టు కింద ఒక స్త్రీ ఏడుస్తూ ఉంటుంది. చుట్టూ పెట్టే ముత్యాలు కన్నీటి బొట్లకు గుర్తు. పెద్దవారు పోతే చట్రానికి నల్లని మీనా పని, పసిబిడ్డలూ పెండ్లికాని వారూ పోతే తెల్లని మీనా పని చేయించే ఆచారం కూడా ఉండేది. బొమ్మ వెనుక అద్దం కింద పోయినవారి తలవెండ్రుకలను అల్లి భద్రపరచేవారు. ఆ వెండ్రుకలనే సన్నగా తరిగి రంగులో కలిపి గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. దానిని గొలుసుకు కట్టి మెడలో వేసుకునేవారు, లేదా కడియంలో పొదిగించి ముంజేతికి తొడుక్కునేవారు. తెరచిన అరచేతిలో సరిగ్గా సరిపోయేటంత బొమ్మ.

ఇటువంటి చిన్న బొమ్మలు గీయడంలో నేర్పరి అయిన అమెరికా చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ కూడా ఈ దుఃఖమును తప్పించుకోలేదు. 1772లో ఆయన పసికూతురు మార్గరెట్ మశూచితో చనిపోయింది. ఆయన ఆ బిడ్డ మృతదేహపు చిత్రాన్ని గీసి, తర్వాత దానిని పెద్దది చేసి, పక్కన ఏడుస్తున్న తల్లిని కూడా చేర్చాడు. ఇది దంతం మీదిది కాదు, పెద్ద తైలవర్ణ చిత్రము. భార్య పేరు రాహేలు. బైబిలులో తన పిల్లలకోసం ఏడ్చిన రాహేలు మనకు తెలుసు. ఆ చిత్రానికి ఒక తెర కట్టి ఉంచేవాడు. ఎప్పుడు చూడాలో, ఎప్పుడు చూడకూడదో ఆ తండ్రికి తెలుసు కాబోలు.

మన ప్రాంతానికి ఈ కళ ఎంతో దూరపుది కాదు. జాన్ స్మార్ట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1785లో మద్రాసు వచ్చి 1795 వరకు అక్కడే ఉండి ఆర్కాటు నవాబు కుటుంబానికీ, కంపెనీ ఉద్యోగులకూ దంతం మీద చిత్తరువులు గీశాడు. ఇక్కడ గీసినవాటిపై తన పేరు మొదటి అక్షరాల కింద సంవత్సరమూ, ఇండియాకు గుర్తుగా ఒక అక్షరమూ వేసేవాడు. అప్పటికే మన గోదావరి సీమ మద్రాసు పాలన కింద ఉన్నది. ఇక్కడి ఎండకూ విషజ్వరాలకూ రాలిపోయే యువకుల తల్లులు సముద్రానికి ఆవల ఉండేవారు. నెలల తరబడి ఓడ ప్రయాణం చేసి చేరిన ఆ దంతపు రేకే ఎందరో తల్లులకు మిగిలిన కొడుకు. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్‌తో బయలుదేరి వచ్చి నర్సాపురంలో సువార్త సేవ చేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల కాలములోనూ సముద్రం అంతే వెడల్పు. మన పాత మిషను సమాధుల తోటల్లో పసిపిల్లల పేర్లున్న రాళ్ళ ముందు నిలబడినప్పుడెల్లా, ఆ బిడ్డల ముఖం ఎరుగని అవ్వలూ తాతలూ మాకు గుర్తుకు వస్తారు.

అయితే ఈ బొమ్మలకు మరో వైపు ఉన్నది. దంతం కోసం ఏనుగును చంపాలి. దంతపు మంచములపై పండుకొని తోటివాని దుఃఖము పట్టనివారిని తెకోవ పశువుల కాపరియైన ఆమోసు గద్దించిన సంగతి మనకు తెలుసు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లోనూ 1991లోనూ సవరించి దంతపు వ్యాపారాన్ని నిషేధించారు. ఆఫ్రికా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారానికి 1989లో దేశాలన్నీ కలిసి తీసుకున్న నిర్ణయంతో అడ్డుకట్ట పడింది. ఇంకొక సంగతి ఏమంటే, ఆ బొమ్మలు ధనవంతులకే. ముఖము మిగలాలంటే సొమ్ము ఉండాలి. పనిమనిషి బిడ్డకూ, పాలికాపు బిడ్డకూ దంతపు రేకు లేదు.

అంత ఖర్చుపెట్టి గీయించినా అవి నిత్యము నిలిచేవి కావు. తేమకు దంతం వంకరపోతుంది, పగులుతుంది. వెలుతురుకు రంగు వెలిసిపోతుంది. అందుకే సంగ్రహాలయాల వారు వాటిని మసక వెలుతురులో ఉంచుతారు. ఎంతగా వెలుతురులో పెట్టుకుని చూసుకుంటే అంతగా మాసిపోయే ముఖాలు అవి!

మన ఊరి స్టూడియోలు

1839లో ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడి అయ్యాక, ఇరవై ముప్పై ఏళ్ళలో దంతపు బొమ్మల పని పడిపోయింది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి ఏళ్ళలో నిజాము ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. అయితే నలుపు తెలుపుల ముఖము చాలామందికి నచ్చలేదు. కనుక ఆ ఫొటోమీదనే కుంచెతో రంగులు వేయించుకున్నారు. దంతం పోయి కాగితం వచ్చింది, నీటిరంగు మాత్రం మిగిలింది.

మన చిన్న పట్టణాల స్టూడియోల వారు చేసినది కూడా అదే. పెళ్ళి ఫొటోలోంచో, గుంపు ఫొటోలోంచో ఒక్క ముఖాన్ని వేరుచేసి ఎన్‌లార్జిమెంట్ చేసేవారు. పెదవులకు ఎరుపు, చీరకు ఆకుపచ్చ వేసేవారు. ఎన్నడూ కోటు తొడగని రైతుకు కోటు తొడిగేవారు. వేర్వేరు ఏళ్ళలో పోయిన భార్యాభర్తలను ఒకే పటంలో పక్కపక్కన కూర్చోబెట్టేవారు. ఫొటోయే లేకుండా పోయినవారికి సమాధి చేయబోయే ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి, మూసిన కళ్ళను పెన్సిలుతో తెరిచేవారు. ఇప్పుడా పని కంప్యూటరు చేస్తున్నది. రేషను కార్డుమీదిదీ, ఆధార్ కార్డుమీదిదీ పెద్దది చేసి పటం కట్టిస్తున్నారు. బ్రతికినంత కాలములో ప్రభుత్వం తీసిన ఒక్క ఫొటోయే కొందరికి మిగిలిన ముఖము.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరద డెల్టాలో ఎవరూ మరచిపోలేనిది. అప్పుడు మాకు ఆరేళ్ళు. లంక గ్రామంలో ఉన్న మా ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు మా నాయనమ్మ బియ్యం డబ్బా వదిలి తాతగారి పటం చంకన పెట్టుకుని గట్టుకు నడిచింది. అయినా పటంలోకి నీరు దిగింది. కొన్నాళ్ళ తర్వాత ఆరబెడదామని అద్దం తీస్తే, తడికి అద్దానికి అతుక్కుపోయిన ముఖం ఊడి వచ్చేసింది. తలపాగా మిగిలింది, చేతికర్ర మిగిలింది, మధ్యలో తెల్లని మచ్చ. మా నాన్నగారు దానిని పారవేయబోతే నాయనమ్మ ఒప్పుకోలేదు. "మొఖం లేకపోతే ఏంరా, ఆయన కాకుండా పోయాడా?" అని మళ్ళీ గోడకు తగిలించింది. తాను ప్రభువునందు నిద్రించే వరకు ఆ ముఖం లేని పటం కిందనే ప్రార్థన చేసుకున్నది. ఆ మాటకు అర్థం మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

పెట్టుకోవచ్చునా?

ఇక మొదటి ప్రశ్న. ఒక కుటుంబంలో తండ్రి పోయాక పెద్దకొడుకు పెద్ద పటం కట్టించి, ప్లాస్టిక్ పూలదండ వేసి, సీరియల్ బల్బులు పెట్టాడు. కొన్నాళ్ళకు ఆ పటం ముందు అగరువత్తులు కూడా వెలిగాయి. చిన్నకొడుకు ఇది విగ్రహారాధన అని పటం తీసి అటకమీద పడేశాడు. అన్నదమ్ములకు మాటలు లేవు. పెద్దలతో కలిసి మేము వెళ్ళినప్పుడు ఇద్దరూ బైబిలు తెరిచి వాదిస్తున్నారు. మధ్యలో తల్లి లేచి, "ఒకడేమో ఆయన్ని దేవుణ్ణి చేశాడు, ఇంకొకడేమో దయ్యాన్ని చేశాడు. ఆయన మీ నాన్నరా!" అన్నది. ఆ మాట తర్వాత మేము చెప్పవలసినది కొంచెమే మిగిలింది.

వాక్యము ఈ విషయములో మనలను చీకటిలో విడిచిపెట్టలేదు. యాకోబు తన రాహేలు సమాధిమీద ఒక స్తంభము నిలిపాడు. దేవుడు అతనిని గద్దించలేదు. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్ళు నిలబెట్టించాడు, రేపు పిల్లలు అడిగితే తండ్రులు చెప్పాలని. జ్ఞాపకము పాపము కాదు. అయితే మోషే అరణ్యములో ఎత్తిన ఇత్తడి సర్పమును చూడండి. అది దేవుని ఆజ్ఞ ప్రకారమే చేసినది, ప్రాణాలు కాపాడినది. కాని తర్వాతి తరాలవారు దానికి ధూపము వేయసాగారు. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడు. ముక్కలు చేయించినది సర్పము చెడ్డదని కాదు, దాని ముందు పొగ లేచిందని.

కనుక మేము చెప్పేది ఇది. పటం ముందు నిలబడి పిల్లలకు తాతగారి కథ చెబితే అది యెహోషువ రాయి. పటం ముందు నిలబడి పంట కోసం, పరీక్ష కోసం మొక్కుకుంటే అది హిజ్కియా విరగగొట్టిన సర్పము. దండ తీయండి, ధూపము మానండి, పటం ఉంచండి. ఆ ఇంట్లో పటం అటక దిగింది. దండ లేకుండా, మనవల ఫొటోల పక్కన తగిలించారు. అన్నదమ్ములు ఆ రోజే కౌగిలించుకున్నారని మేము చెప్పలేము. పలకరింపులు మొదలు కావడానికి మళ్ళీ కోతల కాలము రావలసి వచ్చింది. అయినా వచ్చింది, దేవునికి స్తోత్రము.

దుఃఖానికి హద్దు లేకపోవడం కూడా ఒక ప్రమాదమే. 1861లో భర్త ఆల్బర్టు చనిపోయాక విక్టోరియా మహారాణి 1901లో తాను చనిపోయే వరకు నలభై ఏళ్ళు నల్లబట్టలే కట్టింది. ఆయన గదిని ఆయన బ్రతికున్నట్లే ఉంచి, రోజూ బట్టలూ వేడినీళ్ళూ సిద్ధం చేయించేది. సామ్రాజ్యమంత సొమ్ము ఉన్నా ఆ గదిలోనికి ఆదరణ కొనితేలేకపోయింది.

దొర్కా కుట్టిన అంగీలు

ముఖము కాక మరొకటి కూడా మిగులుతుంది. అది చేతిపని. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఆమె బొమ్మ చూపలేదు. ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలూ వస్త్రములూ చూపి ఏడ్చారు.

మన రాజమహేంద్రవరములో ఇటువంటి సాక్ష్యము ఒకటి ఉన్నది. దామెర్ల రామారావు గారు 1897లో ఆ ఊళ్ళోనే పుట్టారు. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఆయనలోని ప్రతిభ కనిపెట్టి ప్రోత్సహించగా, బొంబాయి వెళ్ళి జె.జె. స్కూలులో చిత్రకళ అభ్యసించారు. తిరిగివచ్చి నీటిరంగులలో మన మనుషులనూ, మన గోదావరినీ గీశారు. పీల్ పసిబిడ్డను తీసుకుపోయిన ఆ మశూచియే 1925 ఫిబ్రవరిలో రామారావు గారినీ తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన భార్య సత్యవాణి గారు, మిత్రులు వరద వెంకటరత్నం గారు వంటివారి శ్రద్ధవలన ఆ చిత్రాలు చెదరిపోకుండా రాజమహేంద్రవరంలో ఆయన పేరిట చిత్రశాల వెలసింది. ఆ మశూచి లోకంలో లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగము పోయింది, రామారావు గారి చేతిపని మిగిలింది. ఆయన వేసిన గోదావరి ముందు నిలబడితే, ఆయన కళ్ళతో నదిని చూస్తున్నామనిపిస్తుంది.

మన ఇళ్ళలోనూ అంతే. అమ్మ చేతి బొంత, నాన్న గీతలు పెట్టి చదివిన బైబిలు, తాతగారి కొడవలి పిడి. ఇవి కూడా పటాలే. ట్రంకుపెట్టెలోని ఆ చిన్న గౌను కూడా.

మరుసటి వారము

చెప్పిన ప్రకారము ఆ తల్లి దగ్గరకు వెళ్ళాము. ఈసారి మా ఇంటివారు కూడా వచ్చారు. మేము ఆమెకు ఒక సంగతి గుర్తు చేశాము. పునరుత్థాన ఉదయమున తోటలో మగ్దలేనే మరియ ఎదుట యేసు ప్రభువు నిలబడ్డాడు. ఎన్నో దినములు చూచిన ముఖమే. అయినా ఆమె గుర్తుపట్టలేదు, తోటమాలి అనుకున్నది. ఎప్పుడు గుర్తుపట్టింది? ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచినప్పుడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు కొన్ని మైళ్ళు ఆయన పక్కనే నడిచారు. ముఖము చూచి గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు.

"అమ్మా, ఆనవాలు పట్టే భారము దేవుడు నీ జ్ఞాపకము మీద పెట్టలేదు. పిలిచేవాడు ఆయన. నీ బిడ్డ పేరు ఆయనకు తెలుసు, నీ పేరూ తెలుసు. ఇద్దరినీ పిలుస్తాడు" అని చెప్పాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నన్ను అమ్మా అని పిలిస్తే చాలండి. గొంతు గుర్తుంది" అన్నది. అప్పుడు మా నాయనమ్మ మాట మాకు అర్థమయింది. ఆమె ఏడ్చింది, మా ఇంటివారు ఏడ్చారు. లాజరు సమాధి దగ్గర, కొద్ది నిమిషాలలో అతనిని లేపబోతూ కూడా, ప్రభువు కన్నీళ్ళు విడిచాడు. నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదని ఎవరు చెప్పారు?

అంతటితో ఆమె దుఃఖము తీరిపోయిందని మేము అనము. ఆ రెండు గుండీలు మాత్రం మా ఇంటివారు కుట్టి ఇచ్చారు.

మనము చేయవలసినది

ప్రియులారా, కొన్ని మాటలతో ముగిస్తాము. పటాలు చెమ్మ పట్టే గోడకూ, నేరుగా ఎండ పడే చోటా పెట్టకండి. ఫొటోకూ అద్దానికీ మధ్య అట్టముక్కతో కొంచెం సందు ఉంచమని ఫ్రేములు కట్టేవారికి చెప్పండి. మన డెల్టా తేమకు అతుక్కోకుండా ఉంటుంది. ప్రతి ఫొటో వెనుక పేరు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో రాయండి. పేరు లేని ముఖము రెండు తరాలకు పరాయిదైపోతుంది. ఫోనులో వేలకొద్దీ తీసి, ఫోను పాడైతే అన్నీ పోగొట్టుకుంటున్నాము. ఇంట్లోని పెద్దలవి ఒకటి రెండు అచ్చు వేయించి ఉంచండి.

చనిపోయినవారికి వీధి మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టేవారికి ఒక మనవి. బ్రతికున్నప్పుడు ఆ ముఖము వైపు ఎన్నిసార్లు చూశాము? మూలగదిలో మంచం పట్టిన తల్లి ముఖం చూడని కళ్ళు ఫ్లెక్సీ మీది ముఖాన్ని చూసి ప్రయోజనమేమి? ఈ సాయంత్రమే ఆమె పక్కన పది నిమిషాలు కూర్చోండి.

యౌవనస్థులారా, మీకొక పని. మీ సంఘములో ఫొటో లేని పేద వృద్ధులు ఎవరున్నారో చూడండి. వారిని మంచి బట్టలు కట్టించి, ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టి ఫొటో తీసి, చట్రం కట్టించి ఇవ్వండి. 1996 నవంబరు 6 తుఫానులో మన తూర్పు తీరంలో వేయిమందికి పైగా మరణించారు. సముద్రం మీదికి వెళ్ళిన ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు. దేహము దొరకని ఇంట్లో ఒక ఫొటో ఉండడమంటే ఏమిటో ఆ తీరము వారిని అడగండి.

ఫొటో లేనివారు, ఉన్న ఫొటో నీటిపాలైనవారు, ముఖము మరచిపోయినవారు ధైర్యము తెచ్చుకోండి. తల్లి అయినా తన బిడ్డను మరచునేమో గాని తాను మరువనని దేవుడు యెషయా ప్రవక్తద్వారా వాగ్దానము చేశాడు. తన వారిని తన అరచేతులమీద చెక్కుకున్నానని కూడా ఆయన చెప్పాడు. ఆనాటి ధనవంతులు పోయినవారి రూపమును దంతముమీద గీయించి అరచేతిలో పట్టుకుని ఏడ్చారు. ఆ రంగులు వెలిసిపోయాయి. కాని మేకుల గాయములున్న చేతులమీద చెక్కబడిన కూలివాని బిడ్డ రూపము ఏ వరదకూ చెరగదు.

ఆ చేతులు మిమ్మల్నీ మీ ఇంటివారినీ కాపాడును గాక.